లెక్కలోకి రాని మ్యాచ్‌లో టెడ్ విలియమ్స్ మోచెయ్యి ఎందుకు విరగ్గొట్టుకున్నాడు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అమెరికా బేస్‌బాల్‌లో రెండు లీగ్‌ల మేటి ఆటగాళ్ళు ఏటా తలపడే ఆల్‌స్టార్ గేమ్‌కి పాయింట్లు లేవు, కప్పు లేదు, అంతా ఎగ్జిబిషనే కదా, మరి 1950లో టెడ్ విలియమ్స్ అంతటి స్టార్ బ్యాటర్ మొదటి ఇన్నింగ్స్‌లోనే (మామూలుగా మొత్తం తొమ్మిది ఉంటాయి) క్యాచ్ కోసం గోడకి గుద్దుకుని మోచెయ్యి విరగ్గొట్టుకోవడం ఏంటి, విరిగాక కూడా ఆడటం ఏంటి, అతని టీమ్ బోస్టన్ రెడ్ సాక్స్ ఆ ఏడాది లీగ్ టైటిల్ పోగొట్టుకుంది దీనివల్లేనా అని.

నేను చికాగోలో స్థిరపడి చాలా ఏళ్ళయింది, ఇండియా నుంచి కొత్తగా వచ్చిన మనవాళ్ళని ఇక్కడి టీమ్ వైట్ సాక్స్ మ్యాచ్‌లకి తీసుకెళ్తుంటాను, పార్కింగ్‌లో కారు దిగగానే ఈ కథ మొదలుపెట్టి అందరికీ బోర్ కొట్టిస్తుంటాను కూడా. ఎందుకంటే ఇది జరిగిన కొమిస్కీ పార్క్ ఉన్న చోటే ఇప్పుడు ఆ పార్కింగ్ ఉంది, పాత స్టేడియం 1991లో కూల్చేశారు, అప్పటి హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) ఎక్కడుండేదో నేలమీద గుర్తు మాత్రం ఉంచారు.

ఎగ్జిబిషన్ అన్నారు, నిజమే, స్టాండింగ్స్‌లోకి, అంటే టీమ్‌ల గెలుపోటముల పట్టికలోకి, అది ఎక్కదు. కానీ ఇప్పటి ఆల్‌స్టార్ గేమ్ చూసి 1950ని ఊహించుకుంటే అస్సలు అర్థం కాదు. ఇప్పుడు అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ అంటే పేర్లే, సీజన్ మొత్తం అందరూ అందరితో ఆడుతున్నారు, ఆటగాళ్ళు రెండు మూడేళ్ళకోసారి అటూ ఇటూ మారిపోతున్నారు. అప్పుడు అలా కాదు. రెండు లీగ్‌లకీ వేరువేరు ప్రెసిడెంట్లు, వేరువేరు ఆఫీసులు, వేరువేరు అంపైర్లు. సీజన్‌లో ఒక లీగ్ టీమ్ ఇంకో లీగ్ టీమ్‌తో ఆడటమే లేదు, అది 1997లో గానీ మొదలవలేదు. ఫ్రీ ఏజెన్సీ లేదు, టీమ్ అమ్మేస్తేనో వదిలేస్తేనో తప్ప ఆటగాడు తనంతట తాను కదలలేడు. అంటే బోస్టన్‌లో ఆడే విలియమ్స్‌కి పిట్స్‌బర్గ్‌లో ఆడే రాల్ఫ్ కైనర్ సీజన్‌లో ఎదురుపడే అవకాశమే లేదు. అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్‌కి రెండు టీమ్‌లే వెళ్తాయి, మిగతావాళ్ళకి అవతలి లీగ్ మీద తమ సత్తా చూపించుకునే చోటు ఏడాదికి ఒక్క మధ్యాహ్నం, ఈ జూలై మ్యాచే. అందుకే కాస్త ఒళ్ళు దాచుకుని ఆడదాం అనే ఆలోచన వాళ్ళలో చాలామందికి ఉండేది కాదు.

దీంట్లో డబ్బు సంగతి కూడా ఉంది, జనం దీన్ని మర్చిపోతారు. 1947లో ఆటగాళ్ళకి పెన్షన్ ఫండ్ పెట్టారు, ఆల్‌స్టార్ గేమ్ రాబడి దాంట్లోకి వెళ్ళేది. తర్వాత 1959 నుంచి 1962 దాకా ఏడాదికి రెండేసి ఆల్‌స్టార్ గేమ్‌లు పెట్టింది కూడా ఆ ఫండ్ కోసమే. కాబట్టి మ్యాచ్ బాగా నడవాలి, జనం రావాలి అనేది ఆటగాళ్ళ సొంత అవసరం కూడాను.

ఇంకోటి, 1950 నాటికి నేషనల్ లీగ్ బాగా కడుపుమంట మీదుంది. ఈ ఆటని మొదట 1933లో ఇదే కొమిస్కీ పార్క్‌లో పెట్టారు, చికాగో ట్రిబ్యూన్ స్పోర్ట్స్ ఎడిటర్ ఆర్చ్ వార్డ్ ఆలోచన అది, అప్పుడు ఊళ్ళో జరుగుతున్న వరల్డ్స్ ఫెయిర్‌కి తోడుగా. ఆ మొదటి మ్యాచ్‌లో బేబ్ రూత్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు, అమెరికన్ లీగ్ గెలిచింది. అప్పట్నుంచి 1949 దాకా 16 మ్యాచ్‌లు జరిగితే (1945లో యుద్ధం వల్ల పెట్టలేదు) 12 అమెరికన్ లీగే గెలిచింది, చివరి నాలుగూ వరసగా. 1946లో అయితే 12-0, దాంట్లో విలియమ్స్ ఒక్కడే రెండు హోమ్ రన్లు. అవతలి లీగ్ వాళ్ళకి అది ఎంత అవమానంగా ఉండి ఉంటుందో చూడండి.

ఇక విలియమ్స్ విషయం. ఈ మ్యాచ్ అంటే అతనికి ప్రాణం, నేను ఊరికే అనట్లేదు. 1941లో డెట్రాయిట్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్ ఆఖర్లో ఇద్దరు అవుటయ్యాక (మూడో అవుట్‌తో ఇన్నింగ్స్ అయిపోతుంది) అతను కొట్టిన మూడు రన్ల హోమ్ రన్‌తో అమెరికన్ లీగ్ 7-5తో గెలిచింది, బేస్‌ల (రన్ కోసం చుట్టిరావాల్సిన మజిలీలు) చుట్టూ చప్పట్లు కొట్టుకుంటూ చిన్నపిల్లాడిలా గెంతుతూ పరిగెత్తాడు. మామూలుగా మనిషి ముభావి, బోస్టన్ పేపర్లతో రోజూ గొడవే. 1950 మే నెలలో ఫెన్‌వేలో ఫీల్డింగ్ తప్పులు చేస్తే జనం అరిచారని వాళ్ళకి చేత్తో బూతు సైగలు చేసి పెద్ద రభస చేసుకున్నాడు. అతని మీద ఎప్పుడూ ఉన్న కంప్లైంట్ ఏంటంటే బ్యాటింగ్ తప్ప ఇంకేదీ పట్టదు, తను ఫీల్డింగ్ చేసే లెఫ్ట్ ఫీల్డ్‌లో (మైదానం వెనక ఎడమవైపు) నిలబడి ఏదో ఆలోచిస్తుంటాడు అని. ఆ సైగల గొడవ అయిన రెండు నెలలకి, ఎవరి లెక్కలోకీ రాని మ్యాచ్‌లో, క్యాచ్ కోసం గోడ దాకా పరిగెత్తింది అతనే.

జూలై 11, మంగళవారం, 46,127 మంది జనం. అమెరికన్ లీగ్‌కి మేనేజర్ యాంకీస్ కేసీ స్టెంగెల్, అవతల డాడ్జర్స్ బర్ట్ షాటన్. మొదటి ఇన్నింగ్స్‌లో కైనర్ లెఫ్ట్ వైపు లోతుగా ఒకటి బాదాడు. కైనర్ అంటే అప్పట్లో హోమ్ రన్ల యంత్రం, 1946లో లీగ్‌లోకి వచ్చిన దగ్గర్నుంచీ ఏటా నేషనల్ లీగ్ హోమ్ రన్ల టాప్ అతనే. విలియమ్స్ వెనక్కి పరిగెత్తి బంతి పట్టుకున్నాడు, ఆ ఊపులోనే గోడకి ఎడమ మోచెయ్యి గట్టిగా తగిలింది. అది కాంక్రీట్ గోడ, ఇప్పటిలా మందపాటి ప్యాడింగ్ లేదు. గోడలకి గుద్దుకుని కెరీర్లు పాడుచేసుకోవడం ఆ కాలంలో కొత్తేం కాదు, బ్రూక్లిన్‌లో పీట్ రైజర్ అని ఒక అద్భుతమైన కుర్రాడు 1942లో సెయింట్ లూయిస్‌లో ఇలాగే తల పగలగొట్టుకున్నాడు, ఆ బంతి కొట్టింది ఈనాస్ స్లాటర్, ఆ స్లాటర్ ఈ 1950 మ్యాచ్‌లో కూడా ఉన్నాడు.

బంతి మాత్రం వదల్లేదు విలియమ్స్. చెయ్యి రుద్దుకుని ఆడటానికే సిద్ధమయ్యాడు.

"విరిగాక కూడా ఆడాడు" అన్నారు కదా, ఆ క్షణాన విరిగిందని ఎవరికీ తెలీదు, అది ముందు గుర్తుపెట్టుకోవాలి. ఎక్స్‌రే తర్వాత రోజు బోస్టన్ వెళ్ళాక తీశారు, అప్పుడు బయటపడింది మోచేతి కీలు దగ్గర ఎముక తల పగిలిందని. జూలై 13న ఆపరేషన్ చేసి ఏడు ఎముక ముక్కలు తీశారు. ఇప్పుడైతే గోడకి తగిలిన అయిదు నిమిషాల్లో ట్రైనర్ వచ్చి లోపలికి తీసుకెళ్ళిపోతాడు, కోట్ల కాంట్రాక్ట్ ఉన్న టీమ్ ఓనర్ ఫోన్ చేసేస్తాడు. అప్పుడు దెబ్బ తగిలిన ఆటగాడు నేను బానే ఉన్నా అంటే బానే ఉన్నట్టు. అతను ఎనిమిది ఇన్నింగ్స్ ఆడాడు, తొమ్మిదోదాంట్లో అతని బదులు డామ్ డిమాజియో వచ్చాడు. మధ్యలో ఇంకో పని కూడా చేశాడు, అది కాస్త ఆగి చెప్తా.

రెండో ఇన్నింగ్స్‌లో నేషనల్ లీగ్‌కి రెండు రన్లు వచ్చాయి, జాకీ రాబిన్సన్ సింగిల్ (ఒక బేస్ చేరే హిట్), స్లాటర్ ట్రిపుల్ (మూడు బేస్‌ల హిట్), ఆ తర్వాత హాంక్ సావర్ ఎత్తుగా కొట్టిన బంతి క్యాచ్ అయ్యాక స్లాటర్ కూడా పరిగెత్తి వచ్చేశాడు. ఇక్కడ సావర్ గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. అప్పట్లో మొదటి టీమ్‌ని ఎంచుకునేది జనమే, ఓట్లు వేసి. 1950లో నేషనల్ లీగ్‌కి కైనర్, స్లాటర్, సావర్ ముగ్గురినీ అవుట్‌ఫీల్డ్‌కి (వెనక లెఫ్ట్, సెంటర్, రైట్ అనే మూడు చోట్లు) గెలిపించారు, ముగ్గురిలో ఒక్కడూ సెంటర్ ఫీల్డ్ ఆటగాడు కాదు. షాటన్ ఏమన్నాడంటే సావర్‌ని కూర్చోబెట్టి తన టీమ్ డ్యూక్ స్నైడర్‌ని సెంటర్‌లో ఆడిస్తా అన్నాడు. సావర్ చికాగో కబ్స్ వాడు, మ్యాచ్ చికాగోలో, ఊళ్ళో గోల గోల. చివరికి కమిషనర్ హ్యాపీ చాండ్లర్ కలగజేసుకుని జనం ఓటేసినవాడే ఆడాలని తేల్చాడు. దాంతో స్లాటర్‌ని సెంటర్‌లో నిలబెట్టారు. షాటన్ లెక్క ఆట పరంగా కరెక్టేనని నా అభిప్రాయం, కానీ ఓట్లు అడిగాక లెక్కపెట్టకపోతే అడగడం దేనికి, చాండ్లర్ చేసింది న్యాయం. ఏడేళ్ళ తర్వాత 1957లో సిన్సినాటి జనం ఊరంతా కట్టగట్టుకుని ఓట్లు గుద్ది ఏడుగురు తమవాళ్ళనే గెలిపించేశారు, అప్పటి కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ ఇద్దర్ని తీసేసి విల్లీ మేస్‌నీ హాంక్ ఆరన్‌నీ పెట్టాడు, ఆ పైన జనానికి ఓటే తీసేశారు, మళ్ళీ 1970లో గానీ తిరిగి ఇవ్వలేదు.

రాబిన్సన్ పేరు వచ్చింది కాబట్టి ఇంకోటి. నల్లజాతి ఆటగాళ్ళు ఆల్‌స్టార్ గేమ్‌లో ఆడటం 1949లోనే మొదలు, ఆ నలుగురూ, రాబిన్సన్, రాయ్ కాంపనెల్లా, డాన్ న్యూకమ్, అమెరికన్ లీగ్ నుంచి లారీ డోబీ, 1950లో కూడా ఆడారు. కాంపనెల్లా మొత్తం 14 ఇన్నింగ్స్ క్యాచర్‌గా (మన వికెట్‌కీపర్ లాంటి పని) కూర్చున్నాడు, జూలై ఎండలో ఆ బరువు ప్యాడ్లు కట్టుకుని. చెయ్యి విరిగిన విలియమ్స్ గురించి అందరూ రాస్తారు, కాంపనెల్లా మోకాళ్ళ గురించి ఎవరూ రాయరు.

మూడో ఇన్నింగ్స్‌లో అమెరికన్ లీగ్‌కి ఒకటి. అయిదోదాంట్లో న్యూకమ్ పిచింగ్‌లో (అంటే బంతి వేస్తుంటే) డోబీ డబుల్, జార్జ్ కెల్ ఎత్తుగా కొట్టిన బంతికి ఒక రన్, 2-2. తర్వాత బ్యాటింగ్‌కి విలియమ్స్. ఎడమ చేతి వాటం బ్యాటర్ అతను, అంటే స్వింగ్‌లో బ్యాట్ మీద పైన ఉండే చెయ్యి ఎడమదే, విరిగింది అదే. ఆ చేత్తోనే సింగిల్ కొట్టాడు, డోబీ వచ్చేశాడు, 3-2. ఇందాక చెప్తానన్నది ఇదే. నన్నడిగితే విలియమ్స్ జీవితంలో కొట్టిన హిట్లలో 1941 హోమ్ రన్ కన్నా ఈ సింగిలే పెద్దది.

అక్కడ్నుంచి రన్ల కరువు. ఎనిమిది అయిపోయాయి, ఇంకా 3-2యే. తొమ్మిదోదాంట్లో డెట్రాయిట్ పిచర్ ఆర్ట్ హౌట్‌మన్ వేస్తున్నాడు, బ్యాటింగ్‌కి ఎవరొచ్చారనుకుంటున్నారు, మళ్ళీ కైనరే. మొదటి ఇన్నింగ్స్‌లో విలియమ్స్ గోడ దగ్గర లాక్కున్నాడు కదా, ఈసారి ఎవరికీ అందకుండా జనంలోకి కొట్టేశాడు. 3-3. ఆల్‌స్టార్ గేమ్ చరిత్రలో ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌కి వెళ్ళిన మొదటి మ్యాచ్ ఇది.

ఇక్కడ మీ 'ఎగ్జిబిషన్' మాటకి అసలు జవాబు ఉంది. 2002లో మిల్వాకీలో ఆల్‌స్టార్ గేమ్ 11 ఇన్నింగ్స్ అయ్యేసరికి రెండు టీమ్‌లకీ పిచర్లు అయిపోయారని 7-7 దగ్గర టై అని ఆపేశారు, జనం బూతులు తిట్టారు. 2025లో అట్లాంటాలో తొమ్మిది ఇన్నింగ్స్ తర్వాత 6-6 అయితే ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ ఆడించకుండా హోమ్ రన్ల పోటీ పెట్టి తేల్చారు, మన సూపర్ ఓవర్ లాగా. 1950లో మామూలుగా ఒక్కో పిచర్‌కి మూడు ఇన్నింగ్సే అని రూల్, ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ వస్తే దానికి సడలింపు ఉంది. షాటన్ ఆ సడలింపు వాడుకుని న్యూయార్క్ జెయింట్స్ పిచర్ లారీ జాన్సెన్‌ని ఏడు నుంచి పదకొండు దాకా ఐదు ఇన్నింగ్స్ వేయించాడు. జాన్సెన్ ఇచ్చింది ఒకే ఒక్క హిట్, ఆరుగుర్ని స్ట్రైకవుట్ చేశాడు, అంటే బంతిని ఆడనివ్వకుండానే అవుట్ చేశాడు. తన టీమ్‌కి సీజన్ మధ్యలో ఇంత అలసట ఎందుకు అని అతను అనుకోలేదు. ఆ రోజు అసలు హీరో జాన్సెనే, అతని పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు పాపం. పన్నెండు నుంచి సిన్సినాటి ఈవెల్ బ్లాక్‌వెల్ వచ్చాడు.

పద్నాలుగో ఇన్నింగ్స్‌లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ సెకండ్ బేస్‌మన్ రెడ్ షోండీన్స్ట్. పది ఇన్నింగ్స్ దాకా బెంచీ మీదే ఉన్నాడు, పదకొండులో రాబిన్సన్ బదులు దిగాడు. రెండు చేతుల్తోనూ ఆడగలడు, డెట్రాయిట్ టెడ్ గ్రే ఎడమ చేతి పిచర్ కాబట్టి కుడివైపు నిలబడ్డాడు. హోమ్ రన్లు కొట్టే బాపతు కాదు అసలు. ఆ రోజు బ్యాట్ పట్టింది ఆ ఒక్కసారే, బంతి లెఫ్ట్‌లో జనం మధ్యకి వెళ్ళిపడింది, 4-3. అక్కడ కొడతానని మ్యాచ్‌కి ముందే తోటివాళ్ళతో అన్నాడని ఒక కథ తిరుగుతూ ఉంటుంది, ఇలాంటివి ప్రతి హోమ్ రన్‌కీ తర్వాత పుడతాయి కాబట్టి నేను దానికి పెద్ద విలువ ఇవ్వను.

ఆ ఇన్నింగ్స్ రెండో సగంలో అమెరికన్ లీగ్ బ్యాటింగ్, ఒకరు అవుట్, ఫెరిస్ ఫెయిన్ సింగిల్ కొట్టి బేస్ మీదున్నాడు, బ్యాటింగ్‌కి జో డిమాజియో. సినిమా రచయిత అయితే ఇక్కడ హోమ్ రన్ కొట్టించేవాడు. డిమాజియో నేలబారుగా కొట్టాడు, డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి ఇద్దరూ అవుట్, మ్యాచ్ అయిపోయింది. నేషనల్ లీగ్ 1953 దాకా వరసగా నాలుగు గెలిచింది, ఆ తర్వాతి తరంలో అయితే 1963 నుంచి 1982 దాకా 20 మ్యాచ్‌ల్లో 19 వాళ్ళవే. దానికి ఒక మ్యాచ్ కారణం అనను, అసలు కారణం ఏంటంటే నల్లజాతి ఆటగాళ్ళని నేషనల్ లీగ్ ముందుగా, ఎక్కువగా తీసుకుంది, మేస్, ఆరన్, తర్వాత క్లెమెంటే, ఫ్రాంక్ రాబిన్సన్, వీళ్ళంతా అటే మొదలయ్యారు.

మళ్ళీ విలియమ్స్ దగ్గరికి. ఎగ్జిబిషన్‌లో దెబ్బ తినడం అతనికి కొత్త కాదు. 1946లో వరల్డ్ సిరీస్‌కి ముందు నేషనల్ లీగ్‌లో టై పడి ప్లేఆఫ్ అవుతుంటే ఖాళీగా ఎందుకని రెడ్ సాక్స్ ఒక ఎగ్జిబిషన్ మ్యాచ్ ఆడింది, దాంట్లో మిక్కీ హాఫ్నర్ బంతి అతని కుడి మోచేతికి తగిలి వాచిపోయింది. ఆ సిరీస్‌లో 25 సార్లలో అయిదే హిట్లు, రెడ్ సాక్స్ ఏడో మ్యాచ్‌లో ఓడింది. జీవితంలో అతనాడిన వరల్డ్ సిరీస్ అదొక్కటే. ఓడించింది ఎవరూ, స్లాటర్, స్టాన్ మ్యూజియల్, షోండీన్స్ట్ ఉన్న కార్డినల్స్. ఆ ముగ్గురూ ఈ 1950 మ్యాచ్‌లో ఎదురుగా ఉన్నారు. ఇది చదివాక ఆ క్యాచ్ ఎందుకు వదల్లేదో మళ్ళీ అడగరనుకుంటా.

అతనికన్నా ఘోరంగా నష్టపోయినవాడూ ఉన్నాడు. 1937 ఆల్‌స్టార్ గేమ్‌లో, వాషింగ్టన్‌లో, ఎర్ల్ ఎవరిల్ కొట్టిన బంతి డిజీ డీన్ కాలికి తగిలి బొటనవేలు విరిగింది. అది పూర్తిగా తగ్గకముందే తిరిగొచ్చి, నొప్పి తప్పించుకోడానికి బౌలింగ్ యాక్షన్ మార్చి, భుజం పాడుచేసుకున్నాడు, అంతటి పిచర్ మళ్ళీ అలా వెయ్యలేకపోయాడు. విలియమ్స్ కథ అలా ముగియలేదు. సెప్టెంబర్‌లో తిరిగొచ్చాడు, ఆ ఏడాది 89 మ్యాచ్‌లు, 28 హోమ్ రన్లు, 97 ఆర్‌బీఐలు (అతని బ్యాటింగ్ వల్ల టీమ్‌కి వచ్చిన రన్లు), యావరేజ్ .317, అంటే వెయ్యి సార్లు ఆడితే 317 హిట్లన్న లెక్క. ఈ 28లో 25 జూలై గాయానికి ముందువే. తర్వాత ఎడమ చెయ్యి పూర్తిగా చాపలేకపోతున్నా, మునుపటి పవర్ రాలేదు అని అతనే చెప్పుకున్నాడు. అయినా 1957లో 39 ఏళ్ళు నిండుతుండగా .388 కొట్టాడు కాబట్టి ఆ మాటని నేను సగమే నమ్ముతా.

ఇక రెడ్ సాక్స్ టైటిల్ సంగతి. బోస్టన్ ఫ్యాన్స్ ఇప్పటికీ ఇదే అంటారు, విలియమ్స్ ఉంటే గెలిచేవాళ్ళం అని. నాలుగు మ్యాచ్‌ల తేడాతో యాంకీస్ వెనక మూడో స్థానం, కాబట్టి వినడానికి నిజంలాగే ఉంటుంది. కానీ అతను లేనప్పుడు టీమ్ కుప్పకూలలేదు, ఇంకా బాగా ఆడింది. ఆ ఏడాది రెడ్ సాక్స్ టీమ్ మొత్తం యావరేజ్ .302, అంటే టీమంతా కలిపి స్టార్ బ్యాటర్‌లా ఆడింది. తేడా కొట్టింది పిచింగ్‌లో, దాన్ని విలియమ్స్ రెండు చేతులూ బాగున్నా సరిచెయ్యలేడు. ఇంకో విషయం, అతను లేక లెఫ్ట్ ఫీల్డ్ ఖాళీ అయితే అక్కడ బిల్లీ గుడ్‌మన్ అనే అతన్ని ఆడించారు, ఏ పొజిషన్ ఖాళీ ఉంటే అక్కడ ఆడే మనిషి, సొంత పొజిషన్ అంటూ లేనివాడు. ఆ ఏడాది అమెరికన్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ .354తో ఆ గుడ్‌మన్‌కే వచ్చింది. విలియమ్స్ గోడకి గుద్దుకోకపోయి ఉంటే గుడ్‌మన్‌కి టైటిల్‌కి సరిపడా 400 సార్లు బ్యాట్ పట్టే ఛాన్సే దొరికేది కాదేమో.